బాబాయి బాగుందన్న రోజు

లోకంలో దేన్ని తెచ్చి చూపించినా 'బాలేదు' అనడం బాబాయి గుణం. పుట్టగానే అందరు పిల్లల్లా ఏడ్చి ఉండడనీ, ఆసుపత్రి గోడలకేసి చూసి ఈ రంగు బాలేదని ఉంటాడనీ పిన్ని అంటుంది. ఆమధ్య డాక్టరు పరీక్షలన్నీ చేసి, మీకే జబ్బూ లేదు, హాయిగా ఇంటికెళ్ళండి అంటే, పరీక్షే బాలేదని ఇంకో డాక్టరు దగ్గరికి బయల్దేరాడు.

ఊళ్ళో ఏటేటా జరిగే పండగ బజారులో ఆయనది బొమ్మల కొట్టు. సొంత సరుకునైనా వదలడు. ఎవరైనా ఏనుగు బొమ్మ చేతిలోకి తీసుకుంటే, దాని చెవులు బాలేవండీ అని తనే చెప్తాడు. కొట్టువాడే చెవులు బాలేవన్నాడంటే మిగతా ఏనుగంతా గట్టిదే అయి ఉంటుందని జనం ఎగబడి కొనుక్కుపోతారు.

ఇక బజారు సంఘానికి ఆయన లేనిదే పొద్దు గడవదు. ఏ తీర్మానం వచ్చినా ముందు బాబాయి లేచి బాలేదనాలి, ఆ తర్వాతే అందరూ చేతులెత్తాలి. కొత్త గేటు బాలేదన్నాడు, కట్టారు, ఊరంతా మెచ్చుకుంది. తినుబండారాల వరస బాలేదన్నాడు, పెట్టారు, నిలబడే చోటు లేదు. ఆయన నోట ఒకసారి పడితే ఇక దిష్టి తగలదని అధ్యక్షుడి నమ్మకం. ఓ ఏడు ఆయనకి గొంతు పట్టేస్తే, గొంతు వచ్చేదాకా సమావేశమే వాయిదా వేశారు.

ఇలాంటి బాబాయికి ఓ అన్న కూతురు. ప్రెస్సులో విజిటింగ్ కార్డులు డిజైన్ చేసి చేసి విసుగెత్తి, ఉద్యోగం మానేసి, సొంతంగా ఓ గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టింది. బజారుకి కొత్త రూపం తీసుకురావాలని సంఘం అనుకుంటోందని తెలిసి, అదే తన మొదటి పని కావాలని పంతం పట్టింది. ఇది కాస్తా పోతే మళ్ళీ ప్రెస్సు గడప తొక్కక తప్పదు. ఈ పిల్ల ఎలాగూ తిరిగొస్తుందని ప్రెస్సు ఓనరు ఆమె కుర్చీని అలాగే ఉంచాడట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు ఒళ్ళు మండుతోంది.

బజారు గుర్తు గంట. కానీ మొదట గీసినవాడి గంటని చూసి ఇంకొకడు, వాడిది చూసి మరొకడు గీసుకుంటూ రాగా, గంట అడుగు గుండ్రబడి, పైనున్న కొక్కెం తొడిమై, చివరికి వంకాయై కూర్చుంది. జనం వంకాయ బజారనే పిలుస్తున్నారు. అమ్మాయి దాన్ని మళ్ళీ గంటని చేసింది. రెండే రంగులు పెట్టి, గేటు దగ్గర్నుంచి చేతిసంచీ దాకా అన్నీ ఒకే తల్లి బిడ్డల్లా కనబడేట్టు తీర్చిదిద్దింది.

అంతా బాగానే ఉంది కానీ, అధ్యక్షుడి బావమరిది కూడా ఒకటి గీశాడు. అందులో దీపాలున్నాయి, బెలూన్లున్నాయి, పావురాలున్నాయి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న సూర్యుడున్నాడు. నట్టనడుమ అధ్యక్షుడు చెయ్యి ఊపుతూ నవ్వుతున్నాడు.

అమ్మాయి లెక్క వేసుకుంది. బాబాయి ఎలాగూ రెండూ బాలేవంటాడు. అప్పుడు దానికీ దీనికీ చెల్లు. మిగిలేది అధ్యక్షుడి ముఖం. ఆయన ఎదురుగానే ఆయన ముఖం వద్దనే మగాడు సంఘంలో లేడు. సమావేశం ముందురోజు బాబాయి ఇంటికి వెళ్ళి, సిగ్గు విడిచి అడిగింది.

"బాబాయ్, రేపు నాదొక్కటే బాలేదని చెప్పు. ఆయనది వచ్చినప్పుడు మాత్రం ఊరుకో."

బాబాయికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నా అభిప్రాయానికి సిఫార్సు పట్టుకొచ్చావా? నాకు పరాయివాళ్ళూ లేరు, మనవాళ్ళూ లేరు. బాలేనిది బాలేదంటాను."

ఆమెకు ఏడుపొచ్చింది. పిన్ని ఎంత బతిమాలినా కాఫీ అయినా తాగకుండా, చూపించడానికి తెచ్చిన బొమ్మ నకలు కూడా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

మర్నాడు సమావేశంలో ముందుగా బావమరిది బొమ్మే గోడకెక్కించారు. సభ్యులందరూ అధ్యక్షుడి ముఖం చూశారు, అధ్యక్షుడి బొమ్మా చూశారు. చివరికి అందరూ అలవాటు ప్రకారం బాబాయి వైపు తిరిగారు. ఆయన తీరిగ్గా లేచి, కళ్ళజోడు తుడుచుకుని, బొమ్మ దగ్గరికి వెళ్ళి చూశాడు.

"బాగుంది," అన్నాడు.

కోశాధికారి చేతిలో టీ ఒలికిపోయింది. అధ్యక్షుడు తను సరిగ్గా విన్నాడో లేదో తేలక మళ్ళీ అడిగాడు.

"బాగుందండీ. ముఖ్యంగా మీ ముఖం."

అధ్యక్షుడి రంగు మారింది. తన కూతురి పెళ్ళిలో వంటకాలే కాదు, తాగే నీళ్ళు కూడా బాలేవన్న మనిషి ఈయన. ఆ నోట బాగుందని వచ్చిందంటే దీని వెనక ఏదో మతలబుంది. లేచి వెళ్ళి తన బొమ్మని తనే పరకాయించి చూసుకున్నాడు. ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది అని అప్పుడు కనబడింది. చెయ్యి ఊపుతున్నట్టు కాక, ఎవర్నో కొట్టబోతున్నట్టూ కనబడింది.

"ఎగతాళి చేస్తున్నారా?"

"అయ్యయ్యో, లేదండీ. నిజంగానే బాగుంది."

మూడోసారి కూడా అనేసరికి ఇక అనుమానమే లేకపోయింది. బొమ్మ చుట్టేయమని అధ్యక్షుడే బావమరిదికి కళ్ళతో సైగ చేశాడు.

తర్వాత అమ్మాయిది పెట్టారు. దీన్నీ బాగుందంటే తన పని అయిపోయినట్టేనని ఆమె ఊపిరి బిగబట్టింది. బాబాయి వెనక్కి జరిగి చూశాడు, ముందుకి జరిగి చూశాడు.

"బాలేదు. గంట మరీ గంటలా ఉంది."

అమ్మయ్య, మనిషి మామూలుగానే ఉన్నాడని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అధ్యక్షుడితో సహా చేతులన్నీ లేచాయి.

అదే ఊపులో అమ్మాయి బోర్డులు పురమాయించడానికి పెయింటరు షెడ్డుకి పరిగెత్తింది. ముందు బాబాయి కొట్టుది రాయమంది. పెయింటరు నవ్వాడు.

"ఆయనది ఎప్పుడో అయిపోయిందమ్మా. మీటింగుకి ముందే నీ బొమ్మ చూపించి రాయించుకున్నారు. సంఘం ఇది ఒప్పుకోకపోతే ఏం చేస్తారండీ అంటే, ఊరి సంగతి నాకు తెలీదు, నా కొట్టు మీద మాత్రం ఇదే ఉంటుందన్నారు."

ఆమె బజారుకి వెళ్ళేసరికి బాబాయి స్టూలెక్కి ఆ బోర్డుకి మేకులు కొడుతున్నాడు.

"బాబాయ్, నువ్వు మీటింగులో కావాలనే అన్నావు కదూ?"

"ఇంకోసారి నాచేత అలాంటి అబద్ధాలు ఆడించకు. అన్నం సయించలేదు నాకు. ఆ మేకిలా ఇవ్వు."

ఆఖరి మేకు కొట్టి, స్టూలు దిగి, దారి మధ్యకి వచ్చి నిలబడి పైకి చూశాడు. పక్కన ఆమె కూడా నిలబడింది. బాబాయి చాలాసేపు చూశాడు. నోరు తెరిచాడు. ఆమె ఎదురుచూసింది. ఏమనుకున్నాడో, ఏమీ అనకుండానే మూసేశాడు.

"మేకులు ఇంకా మిగిలాయా?" అని అడిగాడు. "పద, పక్క కొట్టుది కూడా మనమే కొట్టేద్దాం."