తీసుకోని నిర్ణయానికి నా అభ్యంతరం

మా కాలేజీ పాలకమండలి గదిలో కుర్చీలకు ఒక వరస ఉండేది. వయసు వరస కాదు, చదువు వరస అసలే కాదు. కాలేజీ పెట్టిన కొత్తలో ఎవరు ఎంత పొలం ఇచ్చారో ఆ వరస. నాలుగెకరాలిచ్చిన ఛైర్మన్ గారిది ఫ్యాను కింద చేతుల కుర్చీ. రెండెకరాల వాళ్లు ఆయనకు అటూ ఇటూ. ఎకరం వాళ్లు, అరెకరం వాళ్లు ఆ తర్వాత. సెంటు భూమి కూడా ఇవ్వకుండా లోపలికొచ్చిన వాళ్లం ఇద్దరమే. ఒకరు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు, రెండోవాణ్ణి నేను. మా కుర్చీలు తలుపు పక్కన. కాఫీ ట్రే వచ్చినప్పుడల్లా ఇద్దరం మోకాళ్లు ముడుచుకుని దారివ్వాలి. మండలికి మా ముఖ్యమైన సేవ అదే.

కంకిపాడు దాటాక కాలవ గట్టు మీద ఉండేది ఆ కాలేజీ. నేను చెప్పేది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నేను మెకానికల్ విభాగంలో అందరికంటే చిన్న లెక్చరర్ని. మండలిలో ఉపాధ్యాయుల తరఫున ఒకరుండాలని రూలు వచ్చింది. సీనియర్లందరికీ ఆ రోజు నుంచే నడుం నొప్పులు మొదలయ్యాయి. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు.

"నువ్వయితే గొడవుండదయ్యా. నువ్వేమన్నా నవ్వుతారు," అన్నారు.

అది పొగడ్తే అనుకుని సంతకం పెట్టాను.

మీటింగులు సాఫీగా జరిగేవి. ఛైర్మన్ గారు ఒక అంశం చదివేవారు. "అంతేగా?" అనేవారు. మజ్జిగ గ్లాసు ఎత్తి ఒక గుటక వేసేవారు. గ్లాసు బల్ల మీదికి దిగిందంటే అంశం ఆమోదం పొందినట్టే. ప్రిన్సిపాల్ గారు మినిట్సు పుస్తకంలో 'ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని రాసేవారు. కాదనేవాళ్లెవరైనా ఉంటే ఆ గుటక లోపల అనాలి. కాలేజీ పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ అనలేదు. భయమేం కాదు. నలుగురిలో కాదనడం మర్యాద కాదని. మీటింగయ్యాక కార్ల దగ్గర నిలబడి మాత్రం గంటసేపు అన్నీ కాదనుకునేవారు.

ఆ వేసవిలో వచ్చిన ఎజెండాలో ఏడో అంశం ఇది: వర్క్‌షాపు షెడ్డు ఖాళీ చేయించి అందులో కంప్యూటర్ ల్యాబు పెట్టాలి. ఇనప ముక్కల్ని తిప్పి చెక్కే పాత లేత్ మిషన్లు పాత ఇనుము కింద ఇచ్చెయ్యాలి. మండలి వాళ్లనీ అనడానికి లేదు. ఆ ఏడు పిల్లల్ని చేర్చడానికొచ్చిన ప్రతి తండ్రీ అడిగింది ఒకటే ప్రశ్న, "కంప్యూటర్లెన్నున్నాయండీ?" అని. ఒకాయన లైబ్రరీ చూపిస్తే కూడా అదే అడిగాడు. షెడ్డుకి మంచి కప్పు ఉంది, త్రీఫేజు కరెంటుంది. ఇంకేం కావాలి?

ఎజెండాలో రాయనిది ఒకటుంది. లేత్ మిషన్లతో పాటు భాయ్ కూడా పోతాడు.

భాయ్ అంటే మా వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరు. బెజవాడ వన్‌టౌన్ మనిషి. ఆటోనగర్‌లో చాలా ఏళ్లు లేత్ మిషను మీద పనిచేసి, అప్పటికి పదకొండేళ్ల కిందట మా కాలేజీకి వచ్చాడు. రోజూ రెండు బస్సులు మారి అందరికంటే ముందొచ్చేవాడు. ఇనప ముక్కను బొటనవేలితో ఒకసారి నిమిరి ఎక్కడ ఎంత ఎక్కువుందో చెప్పేవాడు. మేము కొలిచి చూసి, ఆయన చెప్పిందే రైటని ఒప్పుకునేవాళ్లం. డిగ్రీ పట్టా పట్టుకుని నేను చేరిన మొదటి వారంలోనే, మిషనులో ముక్కను బిగించే తాళం దాంట్లోనే వదిలేసి స్విచ్చు వెయ్యబోయాను. భాయ్ దాన్ని ఊడదీసి నా చొక్కా జేబులో పెట్టాడు.

"అక్కడొదిలేస్తే ఎగిరి మీ దగ్గరికే వస్తుంది సార్. దానికి మనుషులు బాగా గుర్తుంటారు," అన్నాడు.

ఏడో అంశం సంగతి నేనే వెళ్లి చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"కంప్యూటర్లకి నూనె వెయ్యడానికి మనిషి కావాలేమో కనుక్కోండి," అన్నాడు.

జోకులు నా శాఖ. ఆ శాఖలోకి ఆయన వచ్చాడంటే పరిస్థితి బాగాలేదన్నమాట. ఆయనకప్పుడు యాభై రెండేళ్లు. ఆ వయసులో ఆటోనగర్‌లో ఏ షాపూ కొత్తగా పనిలో పెట్టుకోదు. ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను. ఈసారి మజ్జిగ దిగేలోపల మాట్లాడాలి.

అనాల్సింది రెండే వాక్యాలు. 'నాకు అభ్యంతరం ఉంది. దాన్ని మినిట్సులో రాయండి.' నాలుగు రోజులు అద్దం ముందు సాధన చేశాను. నా మొహం చూసి నాకే నవ్వొచ్చింది. నా గదిలో ఉండే స్నేహితుడు విని, "బాగుందిరా, చివర్లో ఏం ట్విస్టు?" అన్నాడు. ట్విస్టు లేదంటే, అదే ట్విస్టేమో అనుకుని ఇంకా నవ్వాడు.

మీటింగు రోజు ఆరు అంశాలు ఆరు గుటకల్లో అయిపోయాయి. ఛైర్మన్ గారు ఏడోది చదివారు. ఆయనకి ఊళ్లో రైసు మిల్లుంది. మిల్లులో బస్తాలు లెక్కపెట్టినట్టే అంశాలు కూడా చదువుతారు.

"అంతేగా?" అని గ్లాసెత్తారు.

నేను లేచి నిలబడ్డాను. "నాకు అభ్యంతరం ఉందండీ."

గది మొత్తం నవ్వింది. హనుమాన్ జంక్షన్‌లో లారీలున్న సభ్యుడు తొడ మీద కొట్టుకుని, "మనోడు మొదలెట్టాడండోయ్. ఇంకా లేవలేదేంటా అనుకుంటన్నా," అన్నాడు.

"లేదండీ, నిజంగానే అభ్యంతరం ఉంది. మినిట్సులో రాయండి."

నవ్వు రెట్టింపైంది. రొయ్యల చెరువులున్న ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ మొహం చూడండి, ఎట్టా పెట్టాడో. అచ్చం నిజంలాగే," అన్నారు పక్కాయనతో.

నవ్విస్తాడన్న పేరు తెచ్చుకోవడానికి రెండేళ్లు కష్టపడ్డాను. అది నన్నే తినేస్తోంది. కూర్చుందామా అనిపించింది. కూర్చుంటే నవ్వులతో పాటే గ్లాసు కూడా దిగుతుంది. దిగితే అయిపోయినట్టే. నిలబడే ఉన్నాను. అవే రెండు వాక్యాలు మూడోసారి అన్నాను. ఈసారి గొంతు కొంచెం కీచుగా వచ్చింది. సాధనలో అది లేదు.

అప్పుడు పక్క కుర్చీలోంచి హెడ్‌మిస్ట్రెస్ గారు, ముప్ఫయ్యేళ్లు పిల్లల్ని కూర్చోబెట్టిన గొంతుతో, "అతను జోకెయ్యట్లేదండీ. జోకేసేటప్పుడు అతని చేతులు వణకవు," అన్నారు.

అందరూ నా చేతులు చూశారు. నేను వాటిని జేబుల్లో పెట్టుకున్నాను.

మజ్జిగ గ్లాసు గాల్లో ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గారు కలం పట్టుకుని ఛైర్మన్ గారి వైపు చూస్తున్నారు. 'ఏకగ్రీవంగా' అని ముందే రాసేసుకున్నారని నాకు తలుపు దగ్గర్నుంచే కనబడింది.

"ఇప్పుడేం రాయమంటారండీ?"

"అన్నది రాయి."

"ఇంతవరకూ ఎప్పుడూ రాయలేదండీ."

"అనలేదు గనక రాయలేదు," అని ఛైర్మన్ గారు గ్లాసు దింపకుండా నా వైపు తిరిగారు. "ఎందుకయ్యా అభ్యంతరం?"

ఎందుకో చెప్పాల్సి వస్తుందని నేను అనుకోలేదు. అద్దం అడగలేదు మరి. "షెడ్డు చూసి చెప్పండి సార్. చూడకుండా వద్దు," అన్నాను. 

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టకుండా ప్రిన్సిపాల్ గారి చేతికిచ్చారు. "గట్టు తగువైతే గట్టు మీదికెళ్లే కదా చూస్తాం. పదండి," అని లేచారు. ఆయన లేస్తే అందరూ లేచారు. ఎకరాల వరసలోనే బయటికి నడిచారు.

మిట్టమధ్యాహ్నం ఎండలో మండలి మొత్తం షెడ్డు దాకా నడవడం కాలేజీ చరిత్రలో అదే మొదటిసారి. దారిలో నేను ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. చేతిపని గొప్పదనం, దేశ ప్రగతి, అన్నీ ఉన్నాయి అందులో. దాని అవసరం రాకపోవడం శ్రోతల అదృష్టం.

భాయ్ ఇద్దరు రెండో సంవత్సరం విద్యార్థుల చేత మిషను తిప్పిస్తున్నాడు. గుమ్మంలో ఇంతమంది పెద్దవాళ్లు కనబడగానే మిషను ఆపించాడు. ఎందుకొచ్చారో ఆయన మరోలా అర్థం చేసుకున్నాడు. గబగబా బల్ల కిందికి వంగాడు.

"ఛైర్మన్ గారూ, మీ మిల్లు షాఫ్టు అయిపోయిందండీ. నిన్నే కబురు చేద్దామనుకున్నా."

గోనెసంచీ తీసి చూపించాడు. షాఫ్టు మీద సుద్దతో 'మిల్లు' అని రాసుంది. ఛైర్మన్ గారు కప్పు రేకుల్ని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టారు.

"మీ లారీ బ్రేకు డ్రమ్ములు రెండయినాయండీ, ఒకటి సాయంత్రానికి ఇస్తా. రొయ్యల చెరువులో నీళ్లు చిలికే చక్రం ఇరుసుకి మాత్రం రెండ్రోజులు పడుతుంది సార్. ఉప్పునీళ్లకి బాగా తినేసింది."

బల్ల కింద అన్నీ వరసగా ఉన్నాయి. పంపు ముక్కలు, ట్రాక్టరు పిన్నులు, ఒక్కోదాని మీద సుద్దతో ఒక్కో గుర్తు. సభ్యులు ఒకరి వస్తువు ఒకరు చూసుకున్నారు. మీటింగుకొచ్చిన ప్రతిసారీ కారు డిక్కీలో ఏదో ఒకటి తెచ్చి, వెనకదారిన షెడ్డులో ఇచ్చి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చోవడం ఒక్కొక్కరికీ అలవాటు. ఆ అలవాటు తన ఒక్కడిదే అనుకున్నారు ఒక్కొక్కరూ.

లారీల ఆయన గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పొద్దన్నాను కదయ్యా," అన్నాడు.

"అందరూ అదే అన్నారండీ. ఎవరికీ చెప్పలేదు. మీరే అందరూ కలిసొచ్చారు," అన్నాడు భాయ్.

అప్పుడు నా నోటి దాకా అయిదు జోకులొచ్చాయి. అయిదూ మింగేశాను. నా జీవితంలో నేను చేసిన త్యాగాలు రాయమంటే ముందు అదే రాస్తాను.

"నాదేం లేదుగా భాయ్?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు కొంచెం గర్వంగా.

"మీ కుట్టుమిషను పెడలు రేపిస్తానమ్మా."

ఆవిడ కూడా రేకులు చూశారు.

ఛైర్మన్ గారు షాఫ్టు చేతిలోకి తీసుకుని వేలితో నిమిరారు. "ఇది నువ్వు చేశావా?"

ఆ రెండో సంవత్సరం పిల్లల్ని చూపించాడు భాయ్. "వీళ్లు చేశారండీ. ఉత్త ముక్క ఇచ్చి చెయ్యమంటే మార్కుల కోసం చేస్తారు. ఇది ఫలానా మిల్లులో తిరగాల్సిందంటే భయపడి చేస్తారు. అందుకే మీవన్నీ వద్దనకుండా తీసుకునేది."

మాకందరికీ జీతం ఇచ్చి చదువు చెప్పించుకుంటున్న కాలేజీలో, ఆ మాట అంతవరకూ ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నాకూ అప్పుడే తెలిసింది.

హాలుకి తిరిగొచ్చాక ఎవరూ కూర్చోలేదు. ఛైర్మన్ గారు గది నాలుగు మూలలూ చూశారు.

"ఇందులో ఎన్ని కంప్యూటర్లు పడతాయి?"

"ఇదా అండీ? ఇది మీ హాలండీ," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఏడాదికి మూడుసార్లు మేం కూర్చుంటాం. మిగతా రోజులు పావురాలు కూర్చుంటన్నాయి. వాటికి చోటు మనం చూపించక్కర్లేదు."

"త్రీఫేజు లేదండీ ఇక్కడ."

"కాలవ దగ్గర్నుంచి మోటారుకి అరమైలు వైరు లాగినోళ్లం. షెడ్డు నుంచి ఇక్కడికి లాగలేమా?"

"మరి మీటింగులండీ?"

జవాబు లారీల ఆయన దగ్గర్నుంచి వచ్చింది. "షెడ్డులోనే పెట్టుకుందాం. ఎటూ సామాన్లు తెచ్చుకుంటాం కదా." తప్పు ఒప్పుకోవడం అంత తేలిగ్గా ఉంటుందని ఆయనకే తెలియనట్టుంది. ముందు ఆయనే నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వులో నా ప్రమేయం లేదు.

ఏడో అంశం వెనక్కి తీసుకున్నారు. ఛైర్మన్ గారు అప్పుడు ప్రిన్సిపాల్ గారి చేతిలోంచి గ్లాసు తీసుకుని, గుటక వేసి బల్ల మీదికి దింపారు. మజ్జిగ వేడెక్కి ఉంటుంది. 

ప్రిన్సిపాల్ గారు మినిట్సు పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చారు. "అంశమే లేదు కదయ్యా ఇప్పుడు. నీ అభ్యంతరం కొట్టేస్తాను. పుస్తకం నీటుగా ఉంటుంది."

"ఉండనివ్వండి సార్."

"దేనికి అభ్యంతరమని అడిగితే ఏం చెప్పను? నిర్ణయమే తీసుకోలేదు."

"తీసుకోని నిర్ణయానికని చెప్పండి."

ఆయన కలం కొట్టివేతకు సిద్ధంగానే ఉంది. నేను పుస్తకం మీద అరచెయ్యి పెట్టాను. ఈసారి అది వణకలేదని హెడ్‌మిస్ట్రెస్ గారు చూశారో లేదో తెలియదు. ఆవిడ తన సంతకం పెట్టడానికొచ్చి, పేజీ మొత్తం చదివి, "ఉంచండి. ఈ పుస్తకంలో మనిషి మాట్లాడినట్టున్న వాక్యం ఇదొక్కటే," అన్నారు.

ఆ తర్వాతి మీటింగు షెడ్డులోనే జరిగింది. అన్నీ ఒకే ఎత్తు స్టూళ్లు. భాయ్ తన ఇష్టమొచ్చినట్టు వేశాడు. నాలుగెకరాలకి సాన మిషను పక్కన చోటు దొరికింది, హెడ్‌మిస్ట్రెస్ గారికి ఫ్యాను కింద. మొదట్లో వరస కోసం కాసేపు వెతుక్కున్నారు, తర్వాత దొరికిన చోట కూర్చున్నారు. భాయ్ అక్కడే రిటైరయ్యాడు, ఆరేళ్ల తర్వాత, తన కాళ్ల మీద నడిచి వెళ్లి బస్సెక్కి.

మరుసటి ఏడాది ఉపాధ్యాయుల తరఫున నన్ను వెయ్యలేదు.

"ఎందుకు సార్?" అని అడిగాను.

"నిన్ను నమ్మడానికి లేదయ్యా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఎప్పుడు సీరియస్‌గా మాట్లాడతావో తెలియదు."

నా స్థానంలో మా కాలేజీలోకెల్లా గంభీరంగా ఉండే లెక్చరర్ని వేశారు. ఆయన పదవిలో ఉన్నన్నాళ్లూ అన్నీ ఏకగ్రీవమే.