మా కుక్కకు నేను పెట్టిన పత్యం

మా కుక్క చచ్చిపోయి రెండేళ్లయింది. జబ్బు చేసి చచ్చిందని ఊళ్లో అందరికీ తెలుసు. అందులో నా పాలు ఎంతో మాత్రం నాకు, మా ఇంటామెకు, పశువుల డాక్టరమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

గుత్తికి ఆవల మాది మెట్ట ఊరు. వానొస్తే శనక్కాయ, రాకపోతే బీడు. అడవిపందుల కాపలాకని తెచ్చుకున్న నాటుకుక్క అది. శనక్కాయను పళ్లతో చిట్లించి, పొట్టు ఉమ్మేసి, గింజ మాత్రం నమిలేది. "పందులకంటే ఇదే ఎక్కువ తింటాది" అని తిడుతూనే మా ఇంటామె దాని ముందు ఇంకో గుప్పెడు పోసేది.

ఒక ఎండాకాలం అది ఉన్నట్టుండి చతికిలబడింది. నాలుగడుగులు వేస్తే రొప్పు. చిగుళ్లు పాలిపోయాయి. కళ్లు పసుపుపచ్చ, మూత్రం డికాషన్ రంగు. డాక్టరమ్మ రక్తం తీసి అనంతపురం పంపించి, రిపోర్టు వచ్చాక మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది మామూలు కామెర్లు కాదు. రోగాలతో పోరాడాల్సిన శక్తి దారి తప్పి, దాని రక్తాన్ని అదే చంపుకుంటోంది."

"ఇంటిదొంగ అన్నమాట" అంది మా ఇంటామె.

"అంతే అక్కా. ఆ దొంగను అణచడానికే ఈ మాత్రలు. పొద్దునా సాయంత్రమూ, నెలల తరబడి వేయాలి. తగ్గిందనిపించినా మీ అంతట మీరు ఆపొద్దు, నేనే కొంచెం కొంచెం తగ్గిస్తాను. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది."

ఆ మాట నేను విన్నాను. వినలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

మా ఇంటామె రోజూ రాగిసంగటి చిన్న ముద్ద చేసి, నడుమ మాత్ర దాచి, నోట్లో పెట్టేది. వేసిన ప్రతిసారీ గోడమీది క్యాలెండరులో పెన్సిలుతో గీత గీసేది. మూడు వారాలకు చిగుళ్లలో ఎరుపు తిరిగింది. మా ఎదురింటాయన అరుగు మీంచి ఎగతాళి చేసేవాడు. "ఏమన్నా, నాకు జొరమొస్తే మా ఇంట్లో కషాయం గూడా కాంచరు. నేను మీ ఇంట్లో కుక్కగా పుట్టింటే బాగుండు."

"నువ్వు కుక్కగా పుడితే ఊరు నిద్రపోదు" అనేది ఆమె. అందరం నవ్వేవాళ్లం.

అయితే ఆ మాత్రలతో దానికి తీరని దాహం పట్టుకుంది. మాకు కొళాయి మూడు రోజులకొకసారి వచ్చేది. అది రోజుకు అర బిందె తాగేది. తాగినదంతా వసారాలోనే పోసేది, బయటికి పోయేదాకా ఆపుకోలేకపోయేది. కడగడానికి మళ్లీ నీళ్లు. ఆమె విసుక్కోలేదు. నేను విసుక్కున్నాను.

అప్పుడే తాడిపత్రిలో ఉన్న మా కూతురికి రెండో కాన్పు దగ్గరపడింది. మా ఇంటామె నెల రోజులకని బయల్దేరుతూ మాత్రలు నా చేతిలో పెట్టింది. "ఒక్క పూట గూడా తప్పొద్దయ్యా. గీత గీయడం మర్చిపోవద్దు" అంది. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి ఏదో చెప్పింది. నేను తల ఊపాను.

నాలుగు రోజులు వేశాను. అయిదో పొద్దున వసారా కడుగుతుంటే నడుము పట్టేసింది, కోపమొచ్చింది. మా వైపు కామెర్లంటే ముందు గుర్తొచ్చేది పసరు. రెండూళ్ల అవతల ఒక ముసలాయన ఆదివారాలు పొద్దున్నే పసరు పోస్తాడు. నా చిన్నప్పుడు మా నాయనకు కామెర్లు తగ్గింది ఆ ఇంట్లోనే. ఆ రోజు ఆదివారమే; మాత్ర వేయకుండానే కుక్కను ఆటోలో వేసుకుపోయాను. పరగడుపున వచ్చిన మనుషులు వరసగా కూర్చున్నారు. వాళ్ల చివర నేనూ, కుక్కా.

ముసలాయన దాని రెప్పలు విప్పి చూశాడు. పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"డాక్టరుకు చూపిచ్చినావా?"

"లేదు తాతా."

"ఇంగ్లీషు మాత్రలేమన్నా ఏస్తాండావా? అవి ఏస్తే నా మందు పట్టదు."

"ఏం ఏయలేదు."

ఆయన మజ్జిగలో పసరు కలిపి తాగించాడు. పత్యం చెప్పాడు: ఉప్పు, కారం, నూనె, మాంసం, ఇంగ్లీషు మందు, ఏవీ తగలకూడదు. ఆయన తప్పేమీ లేదు. నిజం చెప్పి ఉంటే పొమ్మనేవాడు.

నేను పత్యం తూచా తప్పకుండా పాటించాను. జీవితంలో ఏ నియమమూ అంత నిష్ఠగా పాటించలేదు. చప్పిడి మజ్జిగన్నం తప్ప ఏమీ పెట్టలేదు. మాత్రలు అల్మారాలోకి పోయాయి. మూడు రోజులకు దాని దాహం తగ్గింది. వసారా పొడిగా ఉంది. పసరు పట్టిందని పొంగిపోయాను. తగ్గింది జబ్బు కాదు, మాత్రల వల్ల పుట్టిన దాహమని అప్పుడు తట్టలేదు. సాయంత్రం ఫోన్లో "మాత్రలు ఏస్తాండావా?" అని ఆమె అడిగితే "ఏస్తాండా" అన్నాను. బాగైన కుక్కను చూపించి నవ్వుదామనుకున్నాను. ఫోను పెట్టేసి, క్యాలెండరులో వేయని రోజుల గీతలన్నీ ఒకేసారి గీశాను.

ఆరో రోజు పొద్దున అది లేవలేదు. చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. గోనెపట్ట మీద మోసుకుని ఆసుపత్రికి పోయాను. దారిలో మా ఇంటామెకు ఫోన్లో చెప్పాను. నేను చేరేసరికే ఆమె డాక్టరమ్మకు ఫోన్ చేసింది. డాక్టరమ్మ స్పీకరు పెట్టి, బల్ల మీద ఫోను ఉంచి, కుక్క నోరు తెరిచి చూసింది.

"మాత్రలు మధ్యలో మానేశారా?"

ఫోన్లో మా ఇంటామె ఊపిరి వినబడుతోంది.

"లేదమ్మా. ఒక్క పూట గూడా మానలే" అన్నాను.

"నిజంగానే కదా? దీన్నిబట్టే నేను మందు చూడాలి."

"నిజమే."

డాక్టరమ్మ తన చీటీలో మాత్రల పేరు కొట్టేసింది. "అయితే ఆ మందు దీనికిక పనిచేయడం లేదు. వేరేది కావాలి. బెంగళూరునుంచి తెప్పించాలి, రెండు రోజులు పడుతుంది" అంది. సెలైను పెట్టి ఇంటికి పంపింది.

ఆ పూటంతా దాని పక్కనే కూర్చున్నాను. గిన్నె దగ్గరికి పెడితే మూతి మాత్రం తడుపుకుంది. అల్మారాలో మాత్రలు అట్లే ఉన్నాయి. ఒకటి తీసి సంగట్లో పెట్టి ఇచ్చాను. మింగింది. పావుగంటలో కక్కేసింది.

మరుసటి పొద్దున ఆసుపత్రి తలుపు తీయకముందే కుక్కను మోసుకుపోయి నిలబడ్డాను. పసరు సంగతి, పత్యం సంగతి, దొంగ గీతల సంగతి అన్నీ చెప్పాను. డాక్టరమ్మ అరవలేదు. చేతిలో పెన్ను కింద పెట్టింది.

"నిన్న చెప్పి ఉంటే నిన్ననే అదే మందు ఇంజెక్షన్ వేసేదాన్ని. ఇంకో కుక్క రక్తం ఎక్కించడానికీ ప్రయత్నించేదాన్ని. బతికేదని చెప్పలేను. కానీ నిన్న దాంట్లో కొంత రక్తమైనా ఉండింది."

వెంటనే ఇంజెక్షన్ వేసింది. రక్తం కోసం ఎవరెవరికో ఫోన్లు చేసింది. మధ్యాహ్నం దాటాక, నా మోకాలి మీద తల పెట్టుకునే అది పోయింది.

చేను గట్టున పాతిపెట్టాను. మూడు నాలుగు రోజులకు మా ఇంటామె అనుకున్నదానికంటే ముందే వచ్చి, ఆ మట్టి దగ్గర కూర్చుని ఏడ్చింది. "నేను పోకుండా ఉండింటే బతికేది. నేనే చంపుకున్నా" అంది. ఆ మాట ఆమె రోజూ అనేది. అంట్లు తోముతూ, పక్కింటామెతో చెబుతూ అనేది. నేను వింటూ ఉన్నాను. పదకొండు రోజులు విన్నాను. కుక్కకు చేసినదానికంటే ఆ పదకొండు రోజులకే నాకిప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

పన్నెండో రోజు ఆమె విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. చేతులు ఆగలేదు. తొక్కలు ఒకవైపు, గింజలు ఒకవైపు పడుతూనే ఉన్నాయి.

ఒలుస్తూనే అడిగింది. "పసరు పోపిచ్చినావు, సరే. మీ నాయనకు తగ్గింది కాబట్టి నమ్మినావు అనుకుంటా. డాక్టరమ్మ అడిగిన పొద్దు ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఫోన్లో ఉండావు."

"తిడతానని?"

"ఊఁ."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి.

"నేను తిడితే ఎంతసేపయ్యా తిడతా? పొద్దు గూకేదాకా తిడతానా?"

ఆమె తిట్టలేదు. ఒలిచిన గింజలు చేటలోకెత్తుకుని లోపలికి పోయింది.

పోయినేడు నాకు బీపీ అని తేలి మాత్రలు రాశారు. వేసుకున్నావా అని ఆమె ఒక్కనాడూ అడగదు. మాత్ర, నీళ్లు తెచ్చి ఇచ్చి, నేను మింగేదాకా ఎదురుగా నిలబడి చూసి పోతుంది.