ముందు అన్నయ్యకు, తర్వాత మేనేజరుకు

కర్టెన్లు కుట్టి అమ్మే కర్టెన్లక్కకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కుక్కకు చేయించే వైద్యం ఏదైనా సరే, ముందు ఒక మనిషి మీద చేసి చూడందే కుక్కను ముట్టుకోనివ్వదు. ఆ మనిషి ఎప్పుడూ వాళ్ళ అన్నయ్యే.

లోకంలో మందుల్ని ముందు జంతువుల మీద ప్రయోగించి, అవి బతికి బట్టకడితే అప్పుడు మనుషులకిస్తారు. కర్టెన్లక్క దుకాణంలో ఈ పద్ధతి తలకిందులు. ఇదేం న్యాయమమ్మా అని ఎవరైనా అడిగితే కత్తెర ఆపకుండానే జవాబు చెబుతుంది. "కుక్కకు నోరు లేదు. నొప్పెడితే చెప్పుకోలేదు. మా అన్నయ్యకు నోరుంది. కావలసినదానికంటే ఎక్కువే ఉంది."

ఆ మాట నిజమే. అన్నయ్య రిటైరైన పోస్ట్‌మాన్. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వీధులన్నీ కాళ్ళతోనే కొలిచాడు. జబ్బుల గురించి ఆయనకో గట్టి సిద్ధాంతం ఉంది. డాక్టర్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళకే రోగాలొస్తాయట. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని రొమ్ము విరుచుకుంటాడు. ఆ గుండ్రాయి మేడమీద గదిలోంచి కింద దుకాణంలోకి దిగేలోపు చెల్లెలు ఒక కిటికీకి సరిపడా తెర కుట్టి, ఇస్త్రీ కూడా చేసేస్తుంది. దిగుతూ దిగుతూ ఆయన సగం మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు సవరించుకుంటాడు. ఆయన వేసుకునేవి చెప్పులు. ఈ సంగతి ఎవరి కంటా పడలేదని ఆయన నమ్మకం.

ఇక మేనేజరు. పేరుకు కుక్కే గాని, దుకాణం నడిపేది తానే అన్నట్టు కొలతల బల్ల పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళను ఎగాదిగా చూసేవాడు. తెర పొట్టిగా కుట్టారని ఎవరైనా గొడవకు దిగితే లేచి వెళ్ళి వాళ్ళ ఎదురుగా నిలబడేవాడు. అంతే, తెర పొడుగు సరిపోయేది. అన్నయ్య ఉత్తరాలు పంచిన వీధుల్లో ఆయన్ని కరవని కుక్క ఇదొక్కటే. ఆ మర్యాదకు పొంగిపోయి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆనాటి నుంచి ఆయన ఎటు కదిలితే మేనేజరూ అటే.

అలాంటి మేనేజరు ఒక పొద్దున లేవబోయి, వెనక కాళ్ళు నున్నటి టైల్స్ మీద చెరోవైపు జారిపోయి, అలాగే చతికిలబడ్డాడు. ఎంత ప్రయత్నించినా లేవలేకపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళను చూసి సిగ్గుపడ్డట్టు తల గోడవైపు తిప్పుకున్నాడు.

పశువుల డాక్టరమ్మ వచ్చి, ఎక్స్‌రే తీయించి, ఉన్నదున్నట్టు చెప్పింది. "తుంటి కీళ్ళు రెండూ అరిగిపోయాయక్కా. ఆపరేషన్ చేద్దామంటే వీడి గుండె మత్తుమందుకు ఆగదు. నొప్పి మాత్రలిస్తాను. చలికాలం పోయేసరికి తనంతట తాను లేవలేకపోతే మాత్రం, ఇంకా బాధపెట్టకుండా ఇంజెక్షనిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చడం గురించి ఆలోచించాలి."

"ఎవర్ని నిద్రపుచ్చేది?" కర్టెన్లక్క ఒంటికాలి మీద లేచింది. "మాత్రలివ్వండి, వేస్తాను. మిగతాది నాకొదిలెయ్యండి. చలికాలం పోనివ్వండి, చూద్దాం."

"మిగతాదంటే?"

"లోకంలో ఎన్ని వైద్యాలున్నాయో అన్నీ!"

అన్నయ్య మేనేజరు చెవి వెనక గోకుతూ కూర్చున్నాడు. వీడు లేకపోతే తన వెనక నడిచేదెవరని గుండెల్లో రాయి పడింది.

మొదట నూనె వచ్చింది. ఏవేవో ఆకులు వేసి కాచిన నల్లటి నూనె. గిన్నె తీసుకుని చెల్లెలు సరాసరి అన్నయ్య ముందు కూర్చుంది.

"కాళ్ళు చాపు."

"నాకెందుకే?"

"నీకని ఎవరన్నారు? మేనేజరుకు. మరీ వేడిగా ఉందేమో చూడాలి కదా?"

కుక్క కోసం కాబట్టి చాపాడు. మోకాళ్ళకు నూనె పట్టించి, బొటనవేళ్ళతో చుట్టూ నొక్కుతూ ఆవిడ గదమాయించింది. "ఎలా ఉంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేంటి? చుర్రుమందా, హాయిగా ఉందా?"

"కాస్త హాయిగానే..."

"అయితే ఇంకాసేపు చూడాలి. కుక్కలకు హాయి ఆలస్యంగా తెలుస్తుందట."

ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. అడిగే ఓపిక అప్పటికే నూనెలో కరిగిపోయింది.

తర్వాత కాపడం. కర్టెన్ల వెనక వేసే లైనింగు గుడ్డతో సంచులు కుట్టి, గోధుమలు నింపి, వేడిచేసి, అన్నయ్య మోకాళ్ళకు కట్టింది. కట్టడానికి చేతికందినవి తెరల్ని పక్కకు లాగి కట్టే ఎర్ర మఖమల్ పట్టీలు, బంగారు రంగు కుచ్చులతో సహా. సరిగ్గా అప్పుడే పక్క దుకాణం మంగలి లోపలికొచ్చాడు.

"అన్నా, ఏ నాటకం? రాజు వేషమా?"

అన్నయ్య నిప్పులు చెరిగాడు. "కుక్క కోసంరా!"

మంగలి కుక్కను చూశాడు, కుచ్చుల్ని చూశాడు, ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా వీధి వీధంతా ఏదో ఒక వంకతో తొంగి చూసిపోయింది. నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి అంటూ కర్టెన్లక్క తలుపులు బార్లా తెరిచిపెట్టింది. దాచుకోవడానికి ఇదేమైనా దొంగతనమా?

సూదులాయన మొదటిసారి వచ్చిన రోజు అన్నయ్య మేడ దిగనని మొరాయించాడు. ఆయన మనుషులకూ జంతువులకూ కూడా సన్నటి సూదులు గుచ్చి నొప్పులు తగ్గిస్తానంటాడు. చెల్లెలు మెట్ల కిందనుంచి కేక పెట్టింది. "సరే, వద్దులే! ఏ పరీక్షా లేకుండా మేనేజరుకే గుచ్చించేస్తాను! వాడు ఏడిస్తే నువ్వే సముదాయించుకో!"

ఆయన దిగాడు. పడుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "అయ్యా, అమ్మా" అంటూ మోకాళ్ళ చుట్టూ సూదులు గుచ్చించుకున్నాడు. మేనేజరు పాక్కుంటూ వచ్చి, జాలిపడి, ఆయన చేయి నాకాడు. తన వంతు వచ్చినప్పుడు మాత్రం హాయిగా గురకపెట్టి నిద్రపోయాడు.

ఆ తర్వాత కంచుగిన్నె వైద్యం. గిన్నె అంచు మీద కర్ర తిప్పితే పుట్టే ధ్వనికి కీళ్ళు వదులవుతాయని ఒకాయన గిన్నెలు మోసుకొచ్చాడు. అన్నయ్య పొట్ట మీద ఒక గిన్నె పెట్టి కర్ర తిప్పాడో లేదో, మేనేజరు మెడ ఎత్తి ఊళ మొదలెట్టాడు. వీధిలో ఉన్న కుక్కలన్నీ అందుకున్నాయి. గిన్నెలాయన సంచీ కూడా మర్చిపోయి పరుగు లంకించుకున్నాడు.

"ఇది మేనేజరుకు పడదు" అని తేల్చింది చెల్లెలు.

"నాకూ పడలేదు."

"నీ సంగతి ఎవరడిగారు?"

అదిగో, ఆ మాటే అన్నయ్యకు గుచ్చుకునేది. సూదులు నయం. గడ్డం గీయించుకుంటూ మంగలి దగ్గర వాపోయాడు. "మా చెల్లెలి కంటికి నేను మనిషిలా ఆనడం లేదురా. మేనేజరు బరువు తగ్గాలట, నా కంచంలో సగం తీసేసింది. వాడి ఎదురుగా నేను మెక్కితే వాడి మనసు నొచ్చుకుంటుందట. మొన్న నాకు జ్వరమొస్తే కుక్కకు అంటుకుంటుందా అని డాక్టరమ్మకు ఫోన్ చేసింది!"

"మరి మానెయ్యరాదా అన్నా?"

"ఎలా మానను? ఒకవేళ వాటిల్లో ఏదో ఒకటి వాడికి పనిచేస్తే?"

అన్నిటికంటే పెద్ద తంటా నీళ్ళ నడకది. గోరువెచ్చటి నీళ్ళలో నడిపిస్తే కీళ్ళ మీద బరువు పడదని ఎవరో చెప్పారు. కర్టెన్లక్క కుక్కనూ అన్నయ్యనూ వెంటబెట్టుకుని ఈతకొలనుకు వెళ్ళింది. గేటు దగ్గర కాపలావాడు అడ్డం పడ్డాడు. కుక్కలకు ప్రవేశం లేదన్నాడు. వీడు లోపలున్నవాళ్ళలో సగం మంది కంటే శుభ్రం అంది ఆవిడ. లోపలున్నవాళ్ళు విన్నారు. ఆ తర్వాత జరిగింది చెప్పకపోవడమే మంచిది. ముగ్గురూ తిరిగొచ్చేశారు.

కర్టెన్లక్క అంతటితో ఊరుకునే రకమా? కొత్త గుడ్డ ఉతికాక కురచ కాకుండా ముందుగా నానబెట్టే పెద్ద సిమెంటు తొట్టి ఒకటి పెరట్లో ఉంది. దాన్ని ఖాళీ చేసి, కాగుల కొద్దీ నీళ్ళు కాచి పోసింది. గుడ్డ నానక కుట్టుపని వెనకబడింది. తొందరపెట్టిన వాళ్ళకు కిటికీలోంచి ఎండ తగిలితే తగిలిందిలెండి అని చెప్పి పంపేసింది. పంట్లాం పైకి మడుచుకుని ముందు అన్నయ్య దిగాడు. ఆయన వెనక, కడుపు కింద మెత్తటి పట్టీ వేసి చెల్లెలు ఎత్తిపట్టగా, మేనేజరు. ఇద్దరూ తొట్టిలో ఆ కొస నుంచి ఈ కొసకు మెల్లగా నడిచారు. ఆవిడ గట్టు వెంబడి నడుస్తూ, "మోకాలు పైకెత్తు! ఇంకా పైకి!" అని అరుస్తుంటే ఎవరిని అంటోందో ఇద్దరికీ తెలియక ఇద్దరూ ఎత్తేవారు.

దుకాణంలో నేలంతా మిగిలిపోయిన మందపాటి గుడ్డలు కుట్టి పరిచింది, కాళ్ళు జారకుండా. మాత్రలు వేళకు వేసింది. అయినా చలికాలం చివరికొచ్చేసింది గాని, పట్టీ సాయం లేకుండా మేనేజరు లేవడం లేదు. అన్నయ్యకు అన్నం సయించడం మానేసింది.

డాక్టరమ్మ వచ్చింది. మేనేజరు గుడ్డ మీద పడుకునే తోక టపటపా కొట్టాడు. పిలిస్తే తల ఎత్తాడు. లేవలేదు. ఇంకోసారి పిలిచింది. లేవలేదు. కొలతల బల్ల దగ్గర మంగలి నిలబడి చూస్తున్నాడు. అన్నయ్య పొట్టి స్టూలు మీద, గడ్డం రొమ్ముకు ఆనించుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ నేల మీదే కూలబడి మెల్లగా అంది. "అక్కా, మీరు చేయగలిగిందంతా చేశారు. ఇంతకు మించి ఎవరూ చెయ్యలేరు. కానీ లేవలేని ప్రాణిని ఇలా..."

"లేస్తేనే బతకాలా?" కర్టెన్లక్క చేతిలో కత్తెర బల్ల మీద ఠంగుమంది. "మా అన్నయ్యా లేవలేడు! మెట్ల మీద కూర్చుని చెప్పులకు లేని లేసులు కట్టుకుంటాడు పాపం, నేను చూడట్లేదనుకుని! ఆయన్నీ నిద్రపుచ్చేస్తారా? లేవలేనివాళ్ళందర్నీ నిద్రపుచ్చుకుంటూ పోతే ఈ వీధిలో మిగిలేదెవరో చెప్పండి!"

 అన్నయ్య ముఖం కందగడ్డలా తయారైంది.

"ఎవరే లేవలేనిది?" అంటూ ఆయన దిగ్గున లేచాడు. "పదిమందిలో పరువు తీస్తావా? ఇలాంటి కొంపలో ఒక్క క్షణం కూడా ఉండను!" అని విసవిసా గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గరకొచ్చాక గాని ఆయనకు తట్టలేదు, పొట్టి స్టూలు మీద నుంచి గోడ పట్టుకోకుండా లేచానని, 'అబ్బా' అనకుండా వచ్చానని.

వెనక ఏదో చప్పుడైంది. ఆయన బయటికెళ్ళిపోతుంటే చూస్తూ పడుకోవడం మేనేజరుకు చేతకాలేదు. ముందుకాళ్ళు నిలదొక్కుకున్నాడు. వెనక భాగం వణికింది, ఒకసారి ఒరిగింది, గోళ్ళతో గుడ్డను పట్టుకుని మళ్ళీ లేచింది. పట్టీని ఎవరూ ముట్టుకోలేదు. తాగినవాడిలా తూలుతూ, ఆగుతూ, గుమ్మం దాకా వచ్చి అన్నయ్య కాలికి ఆనుకుని నిలబడ్డాడు. మంగలి ఈల వేశాడు. కర్టెన్లక్క మాత్రం ఇటు చూడకుండా కత్తెర తీసుకుని, కత్తిరించనక్కర్లేని గుడ్డను కత్తిరించేసింది.

డాక్టరమ్మ బ్యాగు సర్దుకుంటూ చెప్పింది. "కీళ్ళు కొత్తవి రావక్కా, అది గుర్తుంచుకోండి. కానీ వీడికి ఇంకా నడవాలని ఉంది. నాకది చాలు. మాత్రలు మానొద్దు. నూనె, కాపడం, తొట్టి కానివ్వండి. ఆ గిన్నె మాత్రం వద్దు, మా క్లినిక్ దాకా వినిపించింది." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఒక్క అనుమానం. మేనేజరుకు పాడైంది తుంటి కదా? మరి పెద్దాయనకు ఇన్నాళ్ళూ మోకాళ్ళకు ఎందుకు చేశారు?"

కర్టెన్లక్క జీవితంలో మొదటిసారి నీళ్ళు నమిలింది. "మోకాలైతేనేం, తుంటైతేనేం. కీలు కీలే" అని గొణిగి మిషను మీద వంగిపోయింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అన్నయ్య అలాగే నిలబడిపోయాడు. నూనె ఒక్కరోజైనా మోకాలు దాటి పైకి పోలేదని, సూదులాయన వచ్చినప్పుడల్లా మెట్లు దిగుతుంటే ఎలా ఉందని అడిగేవాడని, కుక్కకు మెట్లతో పనే లేదని, అన్నీ ఒక్కసారిగా బుర్రలోకొచ్చాయి. ఇంత మోసమా అని అరవాలనిపించింది. చెల్లెలి తల నిమరాలనిపించింది. రెండూ చేతకాక గొంతు సవరించుకున్నాడు.

"రేపటి నుంచి నూనె ఇంకాస్త వేడిగా ఉండాలి" అన్నాడు. "మేనేజరుకు."

"చూద్దాంలే" అంది ఆవిడ, తల ఎత్తకుండా.

ఆయన వీధిలోకి దిగాడు. మేనేజరు దిగాడు. ఇద్దరూ తూలుకుంటూ, ఒకరికోసం ఒకరు ఆగుతూ, మంగలి దుకాణం వైపు బయల్దేరారు. వెనక నుంచి కేక వినిపించింది.

"మెల్లగా! పడతావ్!"

అన్నయ్య వెనక్కి తిరిగాడు. "ఎవర్నే అనేది?"

లోపల మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

"కుక్కనే."