వెర్లిన్ పాదం అరగదీసిన రంగు

మా ఇంట్లో రాత్రి భోజనానికి గడియారంతో పని ఉండేది కాదు. నా భర్త వెర్లిన్ జున్ను ఫ్యాక్టరీ నుంచి వస్తూనే షెడ్డులోకి వెళ్లి, పెరట్లో గడ్డి కోసే చిన్న ట్రాక్టర్ స్టార్ట్ చేసేవాడు. పనున్నా లేకున్నా పది నిమిషాలు నడవాల్సిందే. రిటైరయ్యాక కూడా అదే వేళ, మంచు కురిసే జనవరిలో కూడా. “ఇంజను ఊరికే కూర్చుంటే చచ్చిపోతుంది” అనేవాడు. ఆ చప్పుడు ఆగగానే నేను బంగాళాదుంపలు పొయ్యి మీంచి దించేదాన్ని. ఇప్పుడు ఆకలేసినప్పుడు తింటున్నాను. ఒక్కోసారి నిలబడే తినేస్తాను.

అది 1963 నాటి బండి. మా పెళ్లయిన ఏడాది కొత్తగా కొన్నాడు. గడ్డి కోసే బ్లేడ్ల పెట్టె, మంచు తోసే పలక, చిన్న నాగలి, అన్నీ దాచాడు. దానితో వచ్చిన పుస్తకం కూడా ఉంది, నిండా గ్రీజు వేలిముద్రలే. రంగు మాత్రం ఎన్నడూ వేయలేదు. ఎర్రది వెలిసి ఇటుక రంగుకు వచ్చింది.

అతను పోయి ఏడు నెలలైంది. బండి స్టార్ట్ చేయడం నాకు రాదు. అమ్మితే అతని గుర్తు పోతుంది, ఉంచితే షెడ్డులోనే చస్తుంది. రెంటి మధ్యా ఇన్నాళ్లూ ఊగాను. చివరికి మరిది రోలండ్ చేత పేపర్లో ప్రకటన వేయించాను.

కొనేవాళ్లు వస్తారన్న పొద్దున రోలండ్ ఎర్ర రంగు స్ప్రే డబ్బా పట్టుకొచ్చాడు. నేను వెళ్లేసరికి కుడివైపు కాలు పెట్టే రేకు నిగనిగలాడుతోంది.

“ఏం చేస్తున్నావు రోలండ్?”

“పెళ్లికూతుర్ని ముస్తాబు చెయ్యొద్దా వదినా? ఈ వాలకం చూసి ఎవడు కొంటాడు?”

“ఆపు. ఎడమవైపు ముట్టుకోకు.”

“అన్నయ్యకి తగ్గ పెళ్లానివే! ఇద్దరికీ తుప్పంటే ఎంత ముద్దో!”

డబ్బా లాక్కుని ఏప్రన్ జేబులో వేసుకున్నాను.

పదింటికి మార్లిన్ టెష్ అనే ముసలాయన ట్రైలర్‌తో వచ్చాడు. రాగానే సరుకు చూస్తే మర్యాద కాదు కదా, ముందు వానల గురించి, మొక్కజొన్న గురించి మాట్లాడాడు. కాఫీ తాగాడు. తరువాత బండి పక్కన మోకాళ్లమీద కూర్చుని, బండి మీది నంబరు, ఇంజను మీది నంబరు పుస్తకంతో పోల్చుకున్నాడు.

“ఇంజను మార్చలేదు. సామాన్లన్నీ ఉన్నాయి. ఒకే చేతిలో ఉన్న బండి. ఇలాంటివి దొరకవమ్మా.” కొత్త రంగు రేకు మీద వేలు పెట్టాడు. వేలికి ఎర్రగా అంటింది. “ఈ పుణ్యం ఎవరిది?”

రోలండ్ ఆకాశం వంక చూశాడు.

ఎడమ రేకు మీద మడమ ఆనే చోట రంగు పోయి తెల్లటి ఇనుము తేలింది. మార్లిన్ అక్కడ అరచెయ్యి ఆనించాడు.

“మీ ఆయనకి కుడి మోకాలు బాగుండేది కాదా?”

“మీకెలా తెలుసు?”

“దిగినప్పుడల్లా బరువంతా ఎడమకాలి మీదే మోపాడు. చూడండి, రేకు ఎంత గుంట పడిందో.”

వెర్లిన్ ఆ నొప్పి సంగతి డాక్టరుకు కూడా చెప్పలేదు. నాకు తెలుసు, ఆ రేకుకు తెలుసు.

“దీనికి రంగు వేస్తారా?” అని అడిగాను.

“వెయ్యనమ్మా. రంగేసినవి కావాలంటే సంతకెళ్తే వరసగా నిలబెట్టి ఉంటాయి. ఇంత దూరం వచ్చింది ఇలాంటి దాని కోసమే.”

“అయితే ఆ మడమకి విడిగా ధర కట్టాలి వదినా” అన్నాడు రోలండ్.

“నువ్వూరుకో. మీరు ఒకసారి నడిపి చూసుకోండి” అన్నాను మార్లిన్‌తో.

ఆయన బ్లేడ్ల పెట్టె తగిలించి, స్టార్ట్ చేసి గడ్డిలోకి తీసుకెళ్లాడు. నేను కప్పులు కడగడానికి లోపలికి వచ్చాను. చప్పుడు కిటికీలోంచి వస్తూనే ఉంది. అది ఆగగానే నా చెయ్యి పొయ్యి మీదికి పోయింది. అక్కడ గిన్నె లేదు.

బండి ట్రైలర్ ఎక్కింది. పుస్తకం ఆయన చేతికిచ్చాను.

“రోజూ సాయంత్రం పది నిమిషాలు నడపండి. చలికాలంలో కూడా.”

“నడుపుతానమ్మా” అన్నాడాయన టోపీ తీసి.

ట్రైలర్ మలుపు తిరిగాక పెరడు చూశాను. షెడ్డు నుంచి బట్టలారేసే తీగ దాకా గడ్డి కోసిన ఒకే ఒక్క చార, బండి వెడల్పున. మిగతాదంతా చీలమండలదాకా గడ్డి.

“సాయంత్రం నా మిషను తెచ్చి మిగతాది కోసేస్తా. ఆదివారం చర్చికి పోయేవాళ్లు చూస్తే నవ్వుతారు వదినా, ఒక చెంప గీసుకున్న గడ్డంలా ఉంది.”

“వద్దు.”

“ఎన్నాళ్లని?”

“ఉండనీ రోలండ్.”

అతనికి కాఫీ పోశాను. గడ్డి అలాగే వదిలేశాను.