గోల లేని నీళ్లు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిని ఇన్నేళ్లూ రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం రాకపోవడమే. చోడవరంలో మా వీధి ఆడపిల్లలకి చెరువుగట్టు తెలిసినంతగా బడి గడప తెలియదు. చేపలు పట్టేవాళ్ల ఇళ్లు మావి. మగవాళ్లు పట్టుకొస్తే ఆడవాళ్లు గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేవారు. గంప మోయడానికి అక్షరాలెందుకు అనేవారు పెద్దవాళ్లు. అరవై దాటాక మా కోడలు బియ్యం ఏరుతూ ఏరుతూ నాకు అక్షరాలు దిద్దించింది. చేటలో బియ్యం పరిచి వేలితో గీయించేది. తప్పు రాస్తే చేట ఒకసారి కుదిపేది. తప్పు పోయేది.

రెండో కారణం మా అమ్మ. ఆమె ఉన్నంతకాలం మా ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తలేదు. అక్షరాలు వచ్చాక కూడా, ఆమె పక్క గదిలో దగ్గుతూ ఉండగా దీన్ని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇప్పుడు ఆ గది ఖాళీగా ఉంది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. శ్రావణమాసం. అమ్మకి నాలుగో కాన్పు. నాకూ ఈ పాపకీ మధ్య పుట్టిన ఇద్దరూ నడక రాకముందే పోయారు. ఈ పాపైనా నిలవాలని మా ఇంట్లో అందరూ మొక్కులు మొక్కారు గానీ, పుట్టిన కొద్ది రోజులకే అమ్మకి పాలు ఎండిపోయాయి. పక్కింటి అక్క చంటిబిడ్డ తల్లి. చాటుగా వచ్చి ఒకటి రెండు పూటలు పాపకి పాలిచ్చింది. ఆ సంగతి ఆమె అత్తగారికి తెలిసింది. పిల్లలు నిలవని ఇంటికి నా మనవడి పాలు పోనివ్వనని ఆవిడ మా గుమ్మంలోనే నిలబడి అరిచింది. ఆ తర్వాత అక్క మా వైపు చూడటం కూడా మానేసింది. మేకపాలు దూదివత్తితో పడితే పాప పెదవి పక్కనుంచి కారిపోయేవి. మొదట్లో పాప ఏడుపు వీధి చివరికి వినిపించేది. తర్వాత గుమ్మం దాకా. ఆ తర్వాత పక్కన కూర్చున్నవాళ్లకే.

పురుడు పోసిన మంత్రసాని వచ్చి అమ్మని చూసి, పాలసొర తినిపిస్తే పాలు పడతాయి గానీ ఇక్కడికి సముద్రం చేప బతికుండగా ఎలా వస్తుందని పెదవి విరిచింది. కాసేపు ఆలోచించి, కొర్రమీను పులుసు పెట్టి చూడండి, పడొచ్చు అంది. పడతాయి అనలేదు. పడొచ్చు అంది. ఆ ఒక్క మాట పట్టుకుని మా తాతయ్య లేచాడు. నాన్న ఊడ్పుల కూలికని బుచ్చయ్యపేట వైపు వెళ్లి ఉన్నాడు. ఇంట్లో మగవాడంటే, మోకాళ్లు పట్టేసిన తాతయ్య ఒక్కడే. గాలం, దారం, మూతికి తాడు కట్టిన కుండ తీసుకున్నాడు. తన గెడ నా భుజం మీద పెట్టాడు. గెడ అంటే దోనెని నెట్టే పొడవాటి వెదురు. దోనెలో రెండో మనిషి కావాలి, ఆ మనిషి బరువు ఉండకూడదు. అందుకే నేను.

వానలు పడి చెరువులు నిండిన రోజులవి. కొత్తనీటికి చేపలు ఎదురెక్కుతాయని ఊరంతా మా చెరువులోనే ఉంది. వలలు, బుట్టలు, పాత చీరలు, ఏది దొరికితే అది పట్టుకుని దిగారు. కొర్రమీను ఇలాంటి గోలలో ఉండదు. అడుగున బురదలోకి వెళ్లిపోతుంది. మేము గట్టు మీదుగా ఆగకుండా పోతుంటే, నడుముల్లోతు నీళ్లలోంచి ఒకడు కేకేశాడు.

"ఏటి తాతా, ఇంత నీరు సాల్లేదా? కొండెక్కి సేపలు పడతావేటి?"

"మీ గోలకి సేపలు సెవుల్లో దూదెట్టుకున్నాయిరా బాబూ. ఆటిని లేపి అడిగొస్తాను" అన్నాడు తాతయ్య.

అందరూ నవ్వారు. తాతయ్య కూడా నవ్వాడు. గట్టు దిగాక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ నవ్వు తువ్వాలుకి అంటుకుని పోయినట్టు, ఆ తర్వాత ఆయన మొహంలో మళ్లీ కనబడలేదు.

రావికమతం దారి పట్టాం. మధ్యలో ఒక చెరువు దగ్గర ఆగి గెడ ఒక కొస నీళ్లలో పెట్టి, రెండో కొస చెవికి ఆనించి విన్నాడు. నీళ్లలో గేదెలున్నాయి. అవతలి ఒడ్డున బట్టలు ఉతుకుతున్నారు. ఆయన తల అడ్డంగా ఆడించి గెడ తీసేశాడు. ఇంకో చెరువు దగ్గరా అంతే. చెరువు నిశ్శబ్దంగా ఉందో లేదో ఒడ్డున నిలబడి చెప్పలేమని, నీళ్ల గోల నీళ్లనే అడగాలని దారిలో నాకు చెప్పాడు. నాకు ఆకలేస్తోంది. అడిగితే వెనక్కి తీసుకెళ్లిపోతాడేమోనని అడగలేదు.

మధ్యాహ్నం దాటాక కొండ కింద ఒక బంద దగ్గరికి చేరాం. చిన్న చెరువుని మా వైపు బంద అంటారు. సగం దాకా కలువాకులు కప్పేసి ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరు. తాతయ్య పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగి కాళ్లతో తడమడం మొదలుపెట్టాడు. తాటిమాను చీల్చి తొలిచిన దోనెని ఒడ్డున వదిలితే ఎండకి పగిలిపోతుంది. అందుకని పని అయ్యాక దాంట్లో రాళ్లేసి నీళ్లలో ముంచేసి వచ్చేవాడు. అలా ముంచిన దోనెలు ఆయనవి అక్కడక్కడా ఉండేవి. కాలికి తగిలాక రాళ్లు ఒక్కొక్కటీ తీసి, పైకి లేపి, నీళ్లు తోడి నన్ను ఎక్కించాడు.

ఆకుల మధ్యకి వెళ్లాక గెడ నీళ్లలో దించి, పై కొస నా చెవికి పెట్టాడు.

"ఏటి ఇనపడతంది?"

"ఏటీ నేదు తాతా."

"ఏటీ నేకపోడం ఒకటి, ఉండి నోరు మూసుకోడం ఒకటి. రెండూ ఒక్కలాగే ఉంటాయి గుంటా. తొందరపడకు. ఇను."

చాలాసేపటికి, వెదురు లోపల ఎవరో గుటక వేసినట్టు ఒక్క చప్పుడు వినిపించింది. కొర్రమీను పైకి వచ్చి గాలి మింగి వెళ్లే చప్పుడు అది. నేను తలెత్తి తాతయ్య వైపు చూసి నవ్వాను. ఆయన నా వైపు చూడటం లేదు. ఆకుల సందులో నీళ్ల మీద ఒకచోట ఎర్రగా, ఎవరో గుప్పెడు కుంకుమ జల్లినట్టు ఉంది. ఆ ఎరుపు కదులుతోంది. ఒకసారి విచ్చుకుంటోంది, ఒకసారి ముద్దగా చేరుతోంది. కొర్రమీను పిల్లలు. వాటి కిందే తల్లి, తండ్రి కాపలా తిరుగుతుంటాయి.

పిల్లలున్న కొర్రమీనుకి మా ఇళ్లలో గాలం వేయరు. దాన్ని పట్టడం తెలియక కాదు. అంత సులువుగా దొరికే చేప ఇంకొకటి లేదు. పిల్లల మధ్య ఏది పడినా, వాటిని తినడానికి వచ్చిందనుకుని తల్లి దాని మీదికి దూకుతుంది. ఆకలి అక్కర్లేదు. కోపం చాలు. అలా పట్టినవాడి ఇంట్లో ఉయ్యాల నిలవదని చెప్పుకునేవారు.

తాతయ్య గాలం చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. దోనె దానంతట అది మెల్లిగా తిరుగుతోంది. మిగతా బంద అంతా ఆయన చూపుతో వెతికాడు. ఇంకెక్కడా ఏ కదలికా లేదు. ఎండ కొండ మీదికి జరుగుతోంది. చివరికి, పెద్దవాళ్లు పిల్లల్ని ఎప్పుడూ అడగని విధంగా నన్ను అడిగాడు.

"ఏటి సేద్దామే?"

"సెల్లికి పాలు కావాల తాతా" అన్నాను. నాకు తెలిసింది అదొక్కటే.

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తడిగా, బరువుగా ఉంది. "ఒసే, ఇను. నువ్వు సెప్పినావని కాదు. నేను పడతన్నాను. ఇది నా సెయ్యి. రేపెవరు ఏటన్నా, నీకే ఎప్పుడైనా ఏటనిపించినా, ఇది తాత సెయ్యి అనుకో. తెలిసిందా?"

తెలియలేదు. తెలిసిందన్నాను. నన్ను వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, కొండవైపు చూస్తూ గెడ చెవికి పెట్టుకుని ఉండమన్నాడు. నేను చూడకూడదని ఆయన ఉద్దేశం. గెడలోంచి అంతా వినిపిస్తుందని ఆ క్షణంలో ఆయన మరిచిపోయినట్టున్నాడు. కప్పపిల్లని గుచ్చిన గాలం నీళ్ల మీద పడటం విన్నాను. నీళ్లు ఒక్కసారి బద్దలవడం విన్నాను. తర్వాత దోనె అడుగున తోక కొట్టుకోవడం, తర్వాత కుండలో. అన్నీ అయ్యాక కూడా గెడ చెవినుంచి తీయలేదు. కింద ఇంకేదో ఒకటి దోనె చుట్టూ తిరుగుతోంది. జంటలో రెండోది అని తాతయ్య అన్నాడు. అది పిల్లల్ని చూసుకుంటుందన్నాడు. ఎవరికి చెప్పుకుంటున్నాడో నాకు అర్థం కాలేదు.

కొర్రమీను నీళ్లు లేకపోయినా గాలి పీల్చుకుని బతుకుతుంది. కుండలో తడిగడ్డి వేసి, పైన కలువాకు కప్పాడు. దోనెని ముంచి, గెడని గట్టు పక్క రెల్లులో దాచాడు. రేపు మళ్లీ రావాలి, ఒక్క చేపతో సరిపోదు అన్నాడు. ఇంటికి వచ్చేదారిలో ఆయన అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. కుండలో చేప కదిలినప్పుడల్లా, "ఉండమ్మా, ఉండు" అనేవాడు.

దీపాలు పెట్టే వేళకి మా వీధి మొదట్లోకి వచ్చాం. తాతయ్య టక్కున ఆగిపోయాడు. నేనూ ఆగాను. వీధిలో మామూలు చప్పుళ్లే ఉన్నాయి. ఎవరో దంపుతున్నారు. ఒక కుక్క అరుస్తోంది. వాటి వెనక మా ఇల్లు ఉంది. తాతయ్య తల కొంచెం పక్కకి వంచాడు, చెవికి గెడ ఆనించినట్టే. అంత దూరానికి పాప ఏడుపు ఎప్పుడో వినిపించడం మానేసింది కదా, వినిపించకపోతే ఏమిటి అనుకున్నాను. కానీ ఆయన కుండని మెల్లిగా నేల మీద దించాడు. ఏమీ లేకపోవడానికీ, ఉండి నోరు మూసుకోవడానికీ తేడా ఆయనకి తెలుసు. మంత్రసాని మా గుమ్మం బయట, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు.

అమ్మ ఏడవలేదు. పాప ఇంకా ఆమె ఒడిలోనే ఉంది. వీధిలో ఆడవాళ్లు వచ్చి, పోయిన ప్రాణం కోసం ఉన్న ప్రాణాన్ని చంపుకోకూడదని, చేప వండి ఆమెకి పెట్టమని తలా ఒక మాటా అన్నారు. పక్కింటి అక్క గోడ అవతలే నిలబడింది. రవిక ముందు భాగం పాలతో తడిసి ఉంది. లోపలికి రాలేదు. మూలన కుండలో చేప కొట్టుకుంది. అప్పుడు అమ్మ మొదటిసారి తలెత్తింది. ఆమె కూడా చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్లే. ఏ మాసంలో ఏ చేప ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"పిల్లలున్నాయా మావా, దానికి?"

అంతకుముందెప్పుడూ తాతయ్య అబద్ధం ఆడగా నేను వినలేదు. చేపలు కొనేవాళ్లతో కూడా ఆడేవాడు కాదు. "నేవమ్మా" అన్నాడు. "ఒంటి సేప."

అమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఇన్నేళ్లలో నాకూ పిల్లలు పుట్టారు. ఏం చేసినా తప్పే అయ్యే పనులు నా ఇంట్లోకీ వచ్చాయి. ఒక బిడ్డకి వైద్యం ఆపించాల్సిన రోజు ఒకటి వచ్చింది. అప్పుడు వాడి అన్నని దగ్గరికి పిలిచి, ఇది నా చెయ్యి, నీది కాదు అని చెప్పగలిగాను. ఆ మాట మా తాతయ్యది. దానివల్ల ఎవరూ బతకలేదు. బిడ్డా బతకలేదు. ఆ పెద్దవాడు మాత్రం రాత్రిళ్లు నిద్రపోయాడు. నిజం చెప్పాలంటే, అంతకు మించి మంచి ఆ మాటలో ఏమీ లేదు. ఇప్పటికీ ఏ ఇంటికి వెళ్లినా గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతాను. లోపలి చప్పుడు విన్నాకే కాలు పెడతాను.

మర్నాడు తెల్లవారుతూనే తాతయ్య పాపని తువ్వాలులో చుట్టి చేతుల మీద పెట్టుకుని వెళ్లాడు. నాన్నకి కబురు ఇంకా అందలేదు. వెనక, సంగతి తెలిసి రాత్రే వచ్చిన మా మావయ్య పార పట్టుకుని నడిచాడు. ఆడవాళ్లు, పిల్లలు వెంట వెళ్లకూడదు. వాళ్లు మలుపు తిరిగాక అమ్మ లేచి, గోడ పట్టుకుంటూ మూలకి వెళ్లి, కుండలో చేప బతికి ఉందో లేదో చూసింది. కుండ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎక్కడిదో అక్కడ, అంది.

ఒక్కదాన్నే వెళ్లాను. కొండ గుర్తుగా నడిచాను. బందలోకి మోకాళ్లదాకా దిగి కుండ వంచితే చేప కాసేపు నా కాళ్ల దగ్గరే ఉండిపోయింది, తర్వాత ఆకుల కిందికి జారింది. ఎర్రపిల్లలు నిన్న ఉన్నచోట లేవు. అటు ఒడ్డున కొంగలు నిలబడి ఉన్నాయి. రాళ్లు విసిరితే లేచి, కొంచెం అవతలే మళ్లీ వాలాయి. రెల్లులోంచి తాతయ్య గెడ తీసి, ఒక కొస నీళ్లలో దించి, రెండో కొస చెవికి ఆనించుకుని, ఎండ నడినెత్తికి వచ్చేదాకా విన్నాను.