బిజిలి గిట్ట మీద అత్తమ్మ చెయ్యి

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి. మన్నించండి. ఐదో తరగతి తర్వాత నేను బడికి పోలేదు. అయినా ఒక్కొక్కరికీ వేరే కాగితం మీద రాస్తున్నాను, ఎందుకంటే గుర్రాలున్న మీలో చాలామందికి ఈ సంగతి ఇంకా తెలియదు. మా అత్తమ్మ చనిపోయింది. కామారెడ్డి దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేసి "అమ్మ పోయింది" అన్నాడు. అప్పుడు నేను కొట్టంలో బిజిలి గిట్టలు చూస్తున్నాను. పట్టుకున్న కాలిని మెల్లగా కింద పెట్టాకే ఏడ్చాను.

బిజిలి మా ఆడ గుర్రం. ఎల్లారెడ్డి చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపులకు పోతుంది. మా ఇల్లు గడిచేది దాని మీదే. కళ్ళెం పట్టుకుని నడిచేది మా ఆయన. కాళ్ళ సంగతి మాత్రం అత్తమ్మదే. వాళ్ళ నాన్న కామారెడ్డిలో టాంగా తోలేవాడట.

నన్ను చూడడానికి వచ్చిన రోజు ఆమె నా ముఖం చూడలేదు, పాదాలు చూసింది. "మడిమలు పగిలినయి బిడ్డా, జర వెన్న రాసుకో" అంది. నేను సిగ్గుతో కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. "మా బిజిలి గూడ ముందుగాల గిట్లనే గుంజుకున్నది" అని నవ్వింది.

పొద్దున చాయ్ తాగకముందే కొట్టంలోకి పోయి "ఇయ్యి బిడ్డా" అనేది. బిజిలి కాలెత్తి ఇచ్చేది. అత్తమ్మ పిల్లలకు జ్వరం చూసినట్టు చేతి వెనక వైపుతో గిట్టను తాకేది. అడుగున మట్టి గీకి, ఆ చెయ్యి వాసన చూసేది. వానాకాలంలో కుళ్ళిన వాసన వస్తే కింద గడ్డి మార్చి, గిట్ట కడిగి, ఆరేదాకా తుడిచి, అప్పుడు మైలుతుత్తం నీళ్ళు పూసేది. "తడి మీద మందు పోస్తే మందు దండగ" అనేది.

"గా చెయ్యితోటే నాకు అన్నం పెడుతవా అమ్మా?" అని మా ఆయన ఎక్కిరించేవాడు.

"చిన్నప్పుడు నిన్ను కడిగింది గూడ గీ చెయ్యే రా!"

పెళ్లి ఇళ్ళలో ప్రేమకొద్దీ బిజిలికి బకెట్‌తో బగారన్నం పెడతారు. అదొక్కటి ఆమె ఓర్చుకునేది కాదు. "పెండ్లి పిలగానికి, గుర్రానికి గాదు. దానికి గడ్డెయ్యుండ్రి" అని పోట్లాడేది. అన్నం, ధాన్యం ఎక్కువైతే ముందు గిట్టలు రెండూ వేడెక్కి, గుర్రం వెనక్కి ఒరిగి నిలబడుతుందట. అప్పుడు దాన్ని నడిపించొద్దు, వెంటనే పశువుల డాక్టర్‌ను పిలవాలి. మీలో కొందరికి ఆమె ఈ మాట తిట్టి మరీ చెప్పి ఉంటుంది.

మొన్నటి వానల్లో నాగిరెడ్డిపేట పెళ్లికి పోయి వచ్చిన మర్నాడు బిజిలి కుడి ముందు కాలు నేల మీద మోపలేదు. అప్పటికే అత్తమ్మ ఆయాసంతో మంచం పట్టింది. భుజం బెణికిందనుకుని మా ఆయన నూనెతో మర్దన చేశాడు. తగ్గలేదు. "గిట్లనే కుంటితే అమ్ముడే" అన్నాడు.

కిటికీలోంచి అత్తమ్మ అరిచింది. "నడక చూసి భుజం పిసుకుతున్నవా? ముందుగాల గిట్ట చూడు!"

ఆయన పట్టుకోబోతే బిజిలి విదిలించింది.

"నువ్వు పో బిడ్డా" అంది నాతో.

నేను పోయి కాలు తట్టాను. బిజిలి ఇవ్వలేదు.

"నోరు తెరిచి అడుగు!"

వాకిట్లో చుట్టుపక్కల వాళ్ళు నిలబడి చూస్తున్నారు. నలుగురిలో నేనెప్పుడూ నోరెత్తలేదు. "ఇయ్యి బిడ్డా" అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

"గుర్రానికి చెప్తున్నవా, చీమకు చెప్తున్నవా?"

అందరూ నవ్వారు. కళ్ళు మూసుకుని గట్టిగా అన్నాను. బిజిలి నా భుజం మీద బరువు మోపి కాలిచ్చింది. తాకితే గిట్ట కాలిపోతోంది. రెండోది చల్లగా ఉంది. మట్టి గీకితే అడుగున చిన్న నల్ల చుక్క కనబడింది.

"పొడవకు బిడ్డా. డాక్టర్ సాబ్‌ను పిలువుండ్రి" అంది అత్తమ్మ.

డాక్టర్ గారు వచ్చి అక్కడ కొద్దిగా కోస్తే నల్లటి చీము కారింది. ధనుర్వాతం రాకుండా సూది వేశారు. ఆయన చెప్పినట్టే గోరువెచ్చని ఉప్పునీళ్ళలో గిట్ట నానబెట్టి, ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డ చుట్టి, బురద తగలకుండా పైన సంచి ముక్క కట్టాను.

"నొప్పి గిట్టల ఉన్నదని ఎవరు పట్టిండ్రు?" అని ఆయన అడిగారు.

"ఇంకెవరు, నా కోడలు" అంది అత్తమ్మ.

బిజిలి మెల్లగా కోలుకుంది. మా ఆయన మళ్ళీ దాన్ని సిమెంటు రోడ్డు మీద నడిపించిన రోజు అత్తమ్మ మంచం మీద కళ్ళు మూసుకుని చప్పుడు వింది. "నాలుగూ సమానంగ పడుతున్నయి" అంది. తర్వాత కొద్ది రోజులకే ఆయాసం ఎక్కువై కామారెడ్డి తీసుకుపోయారు.

నిన్న రాజంపేట నుంచి ఒకాయన కుంటుతున్న గుర్రాన్ని తెచ్చి, గేటు బయట నిలబడి "అవ్వ లేదా?" అన్నాడు. ఆయనకు తెలియదు. లోపలికి పోబోయి ఆగాను.

"అవ్వ పోయింది అన్నా. నేనున్న, లోపటికి తోలుకరా" అన్నాను.

ఆ గుర్రం నాకు కొత్త. దాని పక్కన వంగి "ఇయ్యి బిడ్డా" అన్నాను. నా గొంతు గుర్తుపట్టి కొట్టంలో బిజిలి కూడా కాలెత్తింది.

చదివాక ఈ కాగితం కాల్చేయండి. నా రాత పదిమంది చేతుల్లో తిరిగితే నాకు సిగ్గు. కానీ ముందు మీ గుర్రం దగ్గరికి పోయి, గిట్టల మీద చేతి వెనక వైపు పెట్టి చూడండి. ఒకటి వేడిగా ఉంటే డాక్టర్‌ను పిలవండి, నాకూ కబురు పెట్టండి. అన్నీ చల్లగా ఉంటే, అప్పుడు కాల్చేయండి.