మైకులో పారించిన రక్తం

ఇబ్రహీంపట్నంలో మా పార్టీ మీటింగ్ ఎప్పుడు జరిగినా మైకు నాకే ఇచ్చేవారు. జెండా గురించైనా, కులం గురించైనా, దేవుడి గురించైనా "ఆఖరి రక్తపు బొట్టు దాకా కొట్లాడుతం" అని అరిచేవాణ్ణి. ఆ మాటకు చప్పట్లు ఖాయం. సూదిని చూస్తే నాకు కళ్లు తిరుగుతాయని మాత్రం నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

మొన్న మా నాయకుడి పుట్టినరోజుకు రక్తదాన శిబిరం పెట్టాం. "రండి, మనది మరిగే రక్తం" అని నేను ఎంత పిలిచినా మంచాలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరుసలోంచి మా వాడకట్టు అక్క ఒకామె లేచింది.

"తమ్మీ, అందర్ని పిలుస్తున్నవ్ గని, నువ్వు పండుకోవా? ఉత్త మైకులోనేనా నీ రక్తం?"

జనం ఘొల్లున నవ్వారు. ఫోన్ వచ్చినట్టు నటిస్తూ పక్కకు జరిగాను. పోయిన శిబిరంలోనూ అలాగే తప్పించుకున్నాను. ఈసారి నా భార్య ఎదురొచ్చి నిలబడింది.

"ఫికర్ చెయ్యకు. కండ్లు మూసుకో, నేనున్న గద" అంది మెల్లగా.

సిగ్గుతోనే పడుకున్నాను. సూది దిగాక ఒక కన్ను తెరిచాను. చేతికి ఆనిన గొట్టం గోరువెచ్చగా ఉంది, అంతే. ఇంత నెమ్మదిగా పారే రక్తాన్ని అడ్డం పెట్టుకుని ఎంతమందిని రెచ్చగొట్టానో అనిపించింది.

లేచేసరికి పక్క మంచం మీద ఆ అక్క ఉంది. వెనక మరికొందరు తమ వంతు కోసం నిలబడ్డారు. మైకు కుర్చీలో పడి ఉంది. నా భార్య ఒలిచి ఇచ్చిన అరటిపండు తింటూ, హాయిగా చూస్తూ కూర్చున్నాను.